సకినాల డబ్బా నుంచి మెదడు దాకా: ఆక్సిజన్ చేసే పని

సంక్రాంతికి చేసిన సకినాలు శివరాత్రి దాకా మిగిలితే ఏమవుతుందో వరంగల్, కరీంనగర్ వైపు ప్రతి ఇంటికీ తెలుసు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద చుట్లు తిప్పి, కాస్త ఆరాక నూనెలో కాల్చిన సకినం పండుగ వారంలో పటుక్కున విరుగుతుంది. నెల దాటాక డబ్బా మూత తీస్తే ముందు ముక్కుకు తగిలేది పాత నూనె వాసన. బూజు లేదు, పురుగు లేదు, తడి తగల్లేదు. సకినం ఇంకా కరకరలాడుతూనే ఉంటుంది. మారింది అది పీల్చుకున్న నూనె ఒక్కటే. డబ్బాలో ఉన్న గాలిలోని ఆక్సిజన్ ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాల గొలుసులను పట్టుకుని ముక్కలు చేసింది. ఆ ముక్కల వాసనే మనకు తగిలేది. నిండుగా పెట్టి మూత బిగించిన డబ్బా కొన్నాళ్లు ఆగుతుంది. సగం ఖాళీ అయి, రోజూ తెరిచి మూసే డబ్బా తొందరగా పాడవుతుంది.

మెదడు ముసలిదవడంలోనూ ఇదే రసాయన చర్యకు పెద్ద పాత్ర ఉంది. నీటిని పక్కన పెట్టి లెక్కిస్తే మెదడు బరువులో సుమారు సగం కొవ్వే. అందులో డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం నాడీకణాల పైపొరల్లో బాగా ఎక్కువ. దాని గొలుసులో 6 చోట్ల జంట బంధాలు ఉంటాయి. ఆక్సిజన్ దెబ్బ పడేది సరిగ్గా ఆ జంట బంధాల పక్కనే. నువ్వుల నూనె, పల్లి నూనెల్లో ఉండే ముఖ్యమైన కొవ్వు ఆమ్లాలకు ఇలాంటి బంధాలు ఒకటో రెండో. అంటే వంటనూనె కన్నా మెదడులోని కొవ్వుకే చెడిపోయే గుణం ఎక్కువ. అయినా అది నెలకే పాడవదు, ఎనభై ఏళ్లు పనిచేస్తుంది. ఎందుకంటే బతికున్న కణం ప్రతి క్షణం తనను తాను కాచుకుంటుంది, పాడైన భాగాన్ని తీసేసి కొత్తది పెట్టుకుంటుంది. పాడయ్యే వేగాన్ని బాగుచేసుకునే వేగం అందుకోలేకపోయినప్పటి స్థితినే ఆక్సిడేటివ్ స్ట్రెస్, తెలుగులో ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నారు.

స్ట్రెస్ అనగానే చాలామందికి టెన్షనే గుర్తొస్తుంది. అప్పుల బాధ, పిల్లల పెళ్లి, పంట ధర తెచ్చే టెన్షన్ వేరు, ఇది వేరు. ఏళ్ల తరబడి సాగే టెన్షన్ కణాల్లో ఈ ఒత్తిడిని పెంచుతుందన్నది నిజమే. కానీ ఏ దిగులూ లేకుండా హాయిగా నిద్రపోతున్న మనిషి మెదడులోనూ ఆక్సీకరణ నడుస్తూనే ఉంటుంది. ఊపిరి ఉన్నంతకాలం అది ఆగదు.

ఒక ఎలక్ట్రాన్ జారితే

మనిషి బరువులో మెదడు వాటా దాదాపు 2 శాతం. ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే ఆక్సిజన్‌లో దాని వాటా మాత్రం సుమారు 20 శాతం. ఒక నాడీకణం నుంచి ఇంకో నాడీకణానికి సంకేతం పోవాలంటే సోడియం, పొటాషియం అయాన్లను పొర లోపలికీ బయటికీ తోడుతూనే ఉండాలి. కరెంటు పోతే మోటారు ఆగినట్టు, శక్తి అందకపోతే ఆ తోడుడు నిమిషాల్లో ఆగిపోతుంది. ఆ శక్తి ఏటీపీ అనే అణువు రూపంలో వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించిన అణువు ఇదే. ఆ ఏడాదే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. మెదడు గురించి చెప్పుకునే ఏ కథైనా ఏదో ఒక మలుపులో ఆ తెలుగువాడి పనిని తాకకుండా పోదు.

ఏటీపీ తయారయ్యేది కణంలోని మైటోకాండ్రియాలో. తిన్న తిండి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు అక్కడ వరుసగా నిలబడ్డ ప్రోటీన్ల మధ్య చేతులు మారుతూ పోతాయి. మంట ఆర్పేటప్పుడు బావి దగ్గర నుంచి గడ్డివాము దాకా మనుషులు వరుసలో నిలబడి బిందెలు అందించుకున్నట్టు ఉంటుంది ఆ ఏర్పాటు. చివర నిలబడ్డది ఆక్సిజన్. అది నాలుగు ఎలక్ట్రాన్లు అందుకుంటే నీరు అవుతుంది, అంతా సవ్యంగా ముగుస్తుంది. అప్పుడప్పుడు మధ్యలోనే ఒక ఎలక్ట్రాన్ జారి, పక్కన ఉన్న ఆక్సిజన్ చేతిలో పడుతుంది. జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ఆ ఆక్సిజన్‌ను సూపర్ఆక్సైడ్ అంటారు. ఇలాంటివాటికి ఉమ్మడి పేరు ఫ్రీ ర్యాడికల్స్. పత్రికల్లో విశృంఖల కణాలు అని రాస్తుంటారు. ఇలా జారేవి ఒకటి రెండు శాతం ఉంటాయని ఒకప్పుడు లెక్కగట్టారు. బతికున్న కణంలో అంతకన్నా చాలా తక్కువేనని తర్వాత తేలింది. కానీ పగలూ రాత్రీ ఆగకుండా నడిచే యంత్రంలో కొంచెం కారినా ఏళ్లు గడిచేసరికి లెక్క పెద్దదే అవుతుంది.

సూపర్ఆక్సైడ్ పుట్టగానే ఎస్ఓడీ అనే ఎంజైమ్ దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. మోకాలు కొట్టుకుపోతే దవాఖానాలో పోసే, తెల్లగా నురుగు వచ్చే మందు కూడా హైడ్రోజన్ పెరాక్సైడే. ఆ నురుగు మన రక్తంలో, కణాల్లో ఉన్న క్యాటలేజ్ అనే ఎంజైమ్ చేసే పని. అది పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంటే బుడగలు పైకి వస్తాయి. గాయం మీద నురుగు చూసిన ప్రతి ఒక్కరూ ఒంటి రక్షణ వ్యవస్థ పనిచేయడాన్ని కళ్లారా చూసినట్టే. మెదడులో ఈ క్యాటలేజ్ చాలా తక్కువ. అక్కడ ఆ భారం ఎక్కువగా గ్లూటాథయోన్ అనే చిన్న అణువు మీద పడుతుంది. దాని ముడిసరుకు కోసం నాడీకణాలు పక్కనే ఉండే ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాల మీద ఆధారపడతాయి. వయసు పెరిగేకొద్దీ ఆ సరఫరా మందగిస్తుంది.

పెరాక్సైడ్ నీరుగా మారే లోపు దానికి ఇనుము తగిలితే అసలు ప్రమాదం. హెన్రీ ఫెంటన్ 1894లో వివరించిన చర్య అది. అందులోంచి పుట్టే హైడ్రాక్సిల్ ర్యాడికల్‌ను ఆపే ఎంజైమ్ ఒంట్లో ఏదీ లేదు. పుట్టిన చోటే, పక్కన ఏది ఉంటే దాన్ని కాల్చేస్తుంది. మెదడుకు ఇనుము కావాలి, నాడీకణాలు సంకేతాలకు వాడే డోపమైన్ అనే రసాయనం తయారీకి అది లేకుండా కుదరదు. కానీ వయసుతోపాటు మెదడులోని కొన్ని చోట్ల, ముఖ్యంగా కదలికలను నడిపే లోపలి భాగాల్లో, ఇనుము పేరుకుంటుంది. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బులో ముందుగా చచ్చిపోయే కణాలు ఉండేది అలాంటి చోటే. ఇది చదివి ఐరన్ గోలీలు ఆపేయాలని ఎవరూ అనుకోకూడదు. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్నారు, వాళ్లకు ఆ గోలీలు తప్పనిసరి. మెదడులో పేరుకునే ఇనుముకు, నోటితో వేసుకునే గోలీకి నేరుగా ముడిపెట్టడం తప్పు. మెదడు తన ఇనుమును రక్తం నుంచి చాలా కట్టడిగా లెక్కపెట్టి తీసుకుంటుంది.

కొత్త కణం రాని చోటు

చర్మం కాలితే కొత్త చర్మం వస్తుంది. పేగు లోపలి పొర కొన్ని రోజులకోసారి మారిపోతుంది. నాడీకణానికి ఆ వెసులుబాటు లేదు. ఎనభై ఏళ్ల అవ్వ తన పెళ్లినాటి పాట యాది చేసుకుంటే, ఆ పాటను మోస్తున్న కణాలు దాదాపు ఆమె పుట్టినప్పటి నుంచీ ఉన్నవే. అవి విభజన చెంది రెండు కావు, కొత్తవి వాటి చోటికి రావు. కాబట్టి ఏది పాడైనా అక్కడికక్కడే మరమ్మతు చేసుకోవాలి. చేసుకోలేని చెత్త లిపోఫసిన్ అనే పసుపు గోధుమ రంగు పదార్థంగా కణంలోనే మిగిలిపోతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే వయసైన మెదడు కణాల్లో ఆ రంగు మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి.

డీఎన్ఏ సంగతి ఇంకా కష్టం. ఫ్రీ ర్యాడికల్స్ డీఎన్ఏలోని అక్షరాలను, అందులోనూ గ్వానిన్‌ను మార్చేస్తాయి. వయసుతో ఈ మార్పులు మెదడులో పెరుగుతాయనీ, కేంద్రకంలోని డీఎన్ఏ కన్నా మైటోకాండ్రియాలోని డీఎన్ఏకే ఎక్కువ దెబ్బ అనీ 1990ల నుంచే పరిశోధకులు చూపిస్తున్నారు. ఎలక్ట్రాన్లు జారే చోటికి అది ఆనుకుని ఉండటం ఒక కారణం. ఈ మరమ్మతు విషయంలో ముఖ్యమైన పని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే జరిగింది. కల్లూరి సుబ్బారావు బృందం ఎలుకల మెదడు కణాలను తీసుకుని, వయసు పెరిగేకొద్దీ డీఎన్ఏ మరమ్మతు శక్తి ఎలా తగ్గుతుందో ఏళ్ల తరబడి పరిశీలించింది. ముసలి ఎలుకల నాడీకణాల్లో డీఎన్ఏ పాలిమరేజ్ బీటా, లైగేజ్ అనే రెండు ఎంజైమ్‌లు సరిపడా లేకపోవడమే అడ్డు అని, ఆ కణాల సారానికి బయటి నుంచి ఆ రెండూ కలిపితే మరమ్మతు మళ్లీ నడుస్తుందని తేల్చింది. ఇది పరీక్షనాళికలో జరిగిన పనే, మనిషికి ఇచ్చే మందు కాదు. అయినా చాలా పెద్ద మాట చెబుతుంది. ముసలి మెదడుకు పడే దెబ్బలు ఎక్కువ కావడం ఒక్కటే కాదు, మరమ్మతు చేసే చేతులు తక్కువ కావడమూ ముసలితనమే.

యాంటీఆక్సిడెంట్ల పని ఎలా ఉంటుందో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. బస్తా విప్పగానే కొనేవాళ్లు ముందు చూసేది రంగు. తాలు కాయ ఎంత, ఎర్రది ఎంత అని గుప్పెడు తీసి చూస్తారు. ధర రాని ఏడు రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. ఎండకు, వేడికి, గాలికి వదిలేస్తే నెలల్లో రంగు దిగిపోతుంది. ఆ ఎరుపు క్యాప్సాంథిన్ వంటి కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలది. అవి తమను తాము ఆక్సిజన్‌కు అప్పగించుకుని కాయలోని మిగతా కొవ్వును కొంత కాపాడతాయి. ఆ క్రమంలో అవి విరిగిపోతాయి, ఎరుపు వెలిసిపోతుంది. యాంటీఆక్సిడెంట్ అంటే దెబ్బను తన మీద వేసుకునేది. మెదడు కణం పైపొరలో విటమిన్ ఇ ఇదే పని చేస్తుంది. దెబ్బ తిన్న విటమిన్ ఇని విటమిన్ సి మళ్లీ నిలబెడుతుంది. విటమిన్ సిని గ్లూటాథయోన్, దాన్ని ఒక ఎంజైమ్. అదంతా ఒక వరుస. ఆ వరుసలో ఒక్కరినే తెచ్చి పది రెట్లు నింపితే పని పది రెట్లు జరగదు. గోలీల కథ చెప్పుకునేటప్పుడు ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే చాలు.

సిద్ధాంతం, దానికి వచ్చిన చిక్కులు

ఆక్సిజన్ మోతాదు మించితే విషంగా మారడానికి, ఎక్స్‌రే కిరణాలు చేసే హానికి మూలం ఒకటే, అది ఫ్రీ ర్యాడికల్స్ అని రెబెకా గెర్ష్‌మన్ 1954లో చెప్పారు. రెండేళ్లకు, 1956లో, డెన్హమ్ హర్మన్ ఇంకో అడుగు వేసి ముసలితనానికే ఇది కారణమన్నారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1969లో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ ఎస్ఓడీ ఎంజైమ్ పనిని కనుక్కున్నాక లెక్క మారింది. సూపర్ఆక్సైడ్‌ను అణచడానికి ఒంట్లో ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ ఉందంటే, ఆ శత్రువు నిజమైనదే అయి ఉండాలి కదా. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అన్న మాటకు ఇప్పటి అర్థం హెల్ముట్ సీస్ 1985లో ఇచ్చారు. ఆ తర్వాత పదేళ్లలో మందుల షాపులు యాంటీఆక్సిడెంట్ సీసాలతో నిండిపోయాయి.

సైన్స్ మాత్రం అంత సాఫీగా నడవలేదు. తూర్పు ఆఫ్రికాలో నేల కింద బొరియల్లో బతికే, ఒంటి మీద వెంట్రుకలు లేని ఒక ఎలుక జాతి ఉంది. దాని కణాల్లో ఆక్సీకరణ వల్ల జరిగిన నష్టం చిన్న వయసులోనే మామూలు ఎలుక కన్నా ఎక్కువ. అయినా మామూలు ఎలుక మూడు నాలుగేళ్లు బతికితే ఇది 30 ఏళ్లు దాటి బతుకుతుంది. ఇంకో దెబ్బ జన్యు ప్రయోగాల నుంచి వచ్చింది. యాంటీఆక్సిడెంట్ ఎంజైమ్‌లను జన్యుపరంగా పెంచిన, తగ్గించిన 18 రకాల ఎలుకల ఫలితాలను 2009లో ఒకచోట పెట్టి చూస్తే, ఆయుష్షు మారింది ఒక్క రకంలోనే. అదీ తగ్గింది. ఫ్రీ ర్యాడికల్స్ తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందన్న సూటి లెక్క అక్కడ నిలవలేదు.

నిలవకపోవడానికి కారణం తర్వాత మెల్లగా అర్థమైంది. ఒళ్లు ఫ్రీ ర్యాడికల్స్‌ను వాడుకుంటుంది కూడా. తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిములను చంపేది వాటితోనే. కొత్త విషయం నేర్చుకునేటప్పుడు నాడీకణాల మధ్య బంధం గట్టిపడటానికి కొద్ది మోతాదులో అవి కావాలి. పొలంలో గట్టిగా పనిచేసినప్పుడో, గంట సేపు వేగంగా నడిచినప్పుడో కండరాల్లో అవి పెరుగుతాయి. ఆ పెరుగుదలే కణానికి హెచ్చరిక. అప్పుడు ఎన్ఆర్ఎఫ్-2 అనే ప్రోటీన్ లేచి, కణం సొంత రక్షణ ఎంజైమ్‌లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. జర్మనీలో 2009లో 40 మంది యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగం మందికి రోజూ విటమిన్ సి, ఇ గోలీలు ఇచ్చారు. గోలీలు వేసుకోనివాళ్లకు వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. వేసుకున్నవాళ్లకు ఆ మేలు రాలేదు. హెచ్చరిక గంట మోగకముందే గోలీ దాన్ని పట్టి ఆపేసింది.

సీసాలో దొరకనిది

మెదడుకు విటమిన్ ఇ మంచిదన్న ఆశ ఊరికే పుట్టలేదు. 1997లో, జ్ఞాపకశక్తిని క్రమంగా తినేసే అల్జీమర్స్ జబ్బు మధ్య దశలో ఉన్న రోగుల్లో రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ ఇ జబ్బు ముదరడాన్ని కొంత ఆలస్యం చేసింది. 2014లో అమెరికాలో 613 మంది మాజీ సైనికులతో చేసిన పరీక్షలోనూ రోజువారీ పనులు చేసుకునే శక్తి కాస్త నెమ్మదిగా తగ్గింది. జ్ఞాపకశక్తి మాత్రం నిలవలేదు. జబ్బు ఇంకా రానివాళ్లలో, అంచున ఉన్నవాళ్లలో ఫలితం నిరాశే. తేలికపాటి మతిమరుపు ఉన్న 769 మందిని మూడేళ్లు చూసి 2005లో ప్రకటించిన పరీక్షలో అల్జీమర్స్‌కు మారే వేగం తగ్గలేదు. 7,540 మంది పెద్దవయసు మగవాళ్లకు విటమిన్ ఇ, సెలీనియం అనే ఖనిజం ఇచ్చి చూసిన ఫలితం 2017లో వచ్చింది, డిమెన్షియాను, అంటే అల్జీమర్స్ లాంటి జబ్బులతో జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినే స్థితిని, అవి ఆపలేదు. పార్కిన్సన్స్‌లోనూ 1993 నాటికే 800 మంది మీద విటమిన్ ఇ విఫలమైంది.

పనిచేయకపోతే పోనీలే, నష్టమేముంది అనుకోవడానికి కూడా లేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్లలో బీటా కెరోటిన్ గోలీలు వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చిందని 1994లో బయటపడింది. విటమిన్ ఇ గోలీలు వేసుకున్న మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. వేలకు వేలు పోసి పొడులు, సీసాలు కొని ఇంట్లో ముసలివాళ్లకు తాపిస్తున్న కొడుకులు, కోడళ్ల ప్రేమను ఎవరూ తప్పుపట్టరు. ఆ డబ్బు వేరే చోట పెడితే అదే ప్రేమ బాగా పనికొస్తుంది.

పసుపు గురించి విడిగా చెప్పాలి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ ప్రధాన కేంద్రంగానే మొదలైంది, ఆ పంటతో ఈ ప్రాంతానికి ఉన్న అనుబంధం అలాంటిది. పసుపులో ఉండే కర్క్యుమిన్ పరీక్షనాళికలో మంచి యాంటీఆక్సిడెంట్. కానీ వంద గ్రాముల పసుపులో అది ఉండేది కొద్ది గ్రాములే. నోటితో తింటే పేగు నుంచి రక్తంలోకి చేరేది అతి కొంచెం, అందులోనూ ఎక్కువ భాగాన్ని కాలేయం వెంటనే మార్చి పంపేస్తుంది. అల్జీమర్స్ రోగుల మీద 2012లో వచ్చిన 24 వారాల పరీక్షలో మేలు కనబడలేదు. బాగా ఒంటబట్టేలా తయారుచేసిన రకాన్ని 40 మంది ఆరోగ్యవంతులకు 18 నెలలు ఇస్తే జ్ఞాపకశక్తి కొంత మెరుగైందని 2018లో ఒక చిన్న పరీక్ష చెప్పింది. నలభై మందితో తేలే విషయం కాదిది. కూరలో చిటికెడు పసుపు తరతరాల అలవాటు, దానితో ఏ ఇబ్బందీ లేదు. గాఢమైన కర్క్యుమిన్ క్యాప్సూళ్లతో, అందులోనూ మిరియాల సారం కలిపినవాటితో, కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కూరకు, క్యాప్సూల్‌కు తేడా తెలియాలి.

పుంటికూర, తోటకూర, నేరేడు పండ్లు, పల్లీలు, నువ్వులు తినేవాళ్లకు మెదడు పరంగా మేలే జరుగుతుందని ఆహార అలవాట్ల అధ్యయనాలు చాలావరకు చెబుతున్నాయి. అయితే ఆ మేలు వాటిలోని ఏదో ఒక యాంటీఆక్సిడెంట్‌ది కాకపోవచ్చు. పీచు, పొటాషియం, మంచి కొవ్వులు, వాటి వల్ల అదుపులో ఉండే బీపీ, షుగర్, అన్నీ కలిసి చేసే పని అది.

తూకం ఇక్కడ ఎలా చెడుతోంది

కణంలో పుట్టే ఫ్రీ ర్యాడికల్స్‌ను ఆపలేం. బయటి నుంచి పోసేవాటిని ఆపొచ్చు. ఒక్క దమ్ము పొగాకు పొగలో ఫ్రీ ర్యాడికల్స్ కోట్ల కోట్ల సంఖ్యలో ఉంటాయి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టి సంసారాలు నిలబెట్టిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. ఏటా ఎండాకాలం తునికాకు సేకరణ అడవి పల్లెలకు చేతిలో నాలుగు పైసలు పడే కాలం. ఆ బతుకుల మీద చిన్నచూపు ఎంతమాత్రం తగదు. కానీ చుట్టిన బీడీ కాలినప్పుడు ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి మెదడు రక్తనాళాల దాకా పోయేదేమిటో తాగేవాళ్లకు తెలియాలి. కట్టెల పొయ్యి పొగ, బొగ్గు దుమ్ము, లారీల పొగ కూడా ఈ కోవలోవే. డిమెన్షియా మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2020లో గాలి కాలుష్యాన్ని కారణాల జాబితాలో చేర్చింది. 2024 నివేదికలో ఆ జాబితా 14కు చేరింది. వాటన్నిటినీ తొలగించగలిగితే డిమెన్షియా కేసుల్లో సుమారు 45 శాతం రాకుండా లేదా ఆలస్యంగా వచ్చేలా చేయొచ్చని అందులో లెక్కగట్టారు. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, ఒంటరితనం అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

పత్తి చేలలో కూలీలు దొరక్క వాడకం పెరిగిన గడ్డిమందు సంగతి మరీ దిగులు పెట్టేది. వాటిలో పారాక్వాట్ అనే రకం పనిచేసే తీరే ఆక్సిడేటివ్ స్ట్రెస్. అది ఒక ఎలక్ట్రాన్‌ను అందుకుని ఆక్సిజన్‌కు ఇస్తుంది, సూపర్ఆక్సైడ్ పుడుతుంది. తాను మళ్లీ మొదటి స్థితికి వచ్చి ఇంకో ఎలక్ట్రాన్‌ను అందుకుంటుంది. ఒకే అణువు ఆ పనిని మళ్లీ మళ్లీ చేస్తుంది. ఇది ఒంట్లో చేరిన రోగికి అత్యవసరమైతే తప్ప ఆక్సిజన్ పెట్టడానికి డాక్టర్లు వెనకాడతారు, పెడితే ఆ మంటకు గాలి ఊదినట్టవుతుంది. దీనికి విరుగుడు లేదు. కొద్ది కొద్దిగా ఏళ్ల తరబడి తగిలితే పార్కిన్సన్స్ ముప్పు పెరుగుతుందని రైతుల మీద జరిగిన కొన్ని అధ్యయనాలు సూచించాయి. ప్రయోగశాలలో పార్కిన్సన్స్ లక్షణాలు పుట్టించడానికి ఎలుకలకు ఇచ్చేవాటిలో ఇదీ ఒకటి. యూరోపియన్ యూనియన్‌లో దీని అమ్మకం 2007లోనే ఆగిపోయింది. పంపు వీపున వేసుకుని, గాలికి ఎదురు నడుస్తూ, చొక్కా తడిసినా పట్టించుకోకుండా పిచికారీ చేసే మనిషికి ఈ రసాయన శాస్త్రం చెప్పేవాళ్లు ఊళ్లో ఎవరూ ఉండరు.

సింగరేణి ప్రాంతాల్లో నైట్ షిఫ్టు చేసేవాళ్ల నిద్ర గురించి కూడా ఆలోచించాలి. యాభై, అరవై ఏళ్ల వయసులో రోజుకు ఆరు గంటలు, అంతకన్నా తక్కువ నిద్రపోయినవాళ్లలో తర్వాత డిమెన్షియా దాదాపు 30 శాతం ఎక్కువని బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద పాతికేళ్లు సాగిన పరిశీలన 2021లో చెప్పింది.

దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ స్థాయి అంచనా. పట్టణాల కన్నా పల్లెల్లో, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. అయినా ఇంట్లో పెద్దాయన పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతే, రోజూ పోయే దారి తప్పితే, 'ముసలితనం, చాదస్తం' అని వదిలేయడం అలవాటైంది. బి-12 విటమిన్ లోపం, థైరాయిడ్, మనసు కుంగిపోవడం వల్ల వచ్చే మతిమరుపు మందులతో చాలావరకు తగ్గుతుంది. అది తేలాలంటే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

బీపీ, షుగర్ దగ్గర ఈ కథంతా ఒక చోటికి వస్తుంది. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే రక్తనాళాల గోడల్లోని కణాలు దాన్ని అడ్డుకోలేవు. మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్ల రద్దీ పెరిగి సూపర్ఆక్సైడ్ ఎక్కువగా పుడుతుందని 2000లో తేల్చారు. బీపీని పెంచే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ రక్తనాళాల్లో సూపర్ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమ్‌నే మేల్కొల్పుతుంది. మెదడు లోతుల్లోని వెంట్రుక లాంటి నాళాలు ఇలా కొద్దికొద్దిగా బిరుసెక్కి, వాటి చుట్టుపక్కల కణాలకు రక్తం సరిగ్గా అందదు. పెద్ద పక్షవాతం రాకుండానే మెదడు లోలోపల చిన్న చిన్న చోట్ల ఎండిపోతుంది. అమెరికాలో 9,361 మందితో జరిగిన పరీక్షలో పై బీపీని 120 కన్నా తక్కువకు తెచ్చినప్పుడు తేలికపాటి మతిమరుపు 19 శాతం తగ్గిందని 2019లో ప్రకటించారు.

మన దగ్గర పల్లె దవాఖానాలో బీపీ చూస్తారు, గోలీలు ఇస్తారు. రెండు నెలలు వేసుకున్నాక 'నార్మల్‌కు వచ్చింది కదా' అని ఆపేసేవాళ్లు చాలామంది. గోలీ వేసుకుంటున్నందుకే నార్మల్‌కు వచ్చిందన్న మాట వాళ్లకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. చైనాలో 326 పల్లెల్లో సుమారు 34 వేల మందితో జరిగిన పరీక్షలో ఆ పని చేసింది ఊళ్లోనే ఉండే పల్లె వైద్యులు. సగం పల్లెల్లో వాళ్లు బీపీని 130/80 కన్నా కిందికి తేవడం లక్ష్యంగా పెట్టుకుని, గోలీలు ఇస్తూ, ఇంట్లోనే బీపీ చూసుకోవడం నేర్పుతూ, నాలుగేళ్లు వెంటపడ్డారు. ఆ పల్లెల్లో డిమెన్షియా 15 శాతం తక్కువగా వచ్చిందని 2025లో వెల్లడైంది. అక్కడ వాడినవి కొత్తగా కనిపెట్టిన మందులేమీ కావు, మన దగ్గర కూడా దొరికే మామూలు బీపీ గోలీల రకాలే.